నలభై అక్షరాల పేరు మార్చాలంటే

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక ఖాళీ ఫైలు చేర్చి చూడండి. దానికి ‘ఈ69డీఈ29’ అంటూ మొదలయ్యే 40 అక్షరాల పేరు వస్తుంది. ప్రపంచంలో ఎవరు చేర్చినా అదే పేరు. ఫైలులో ఉన్నదాన్ని షా-1 అనే హ్యాష్ పద్ధతిలో లెక్కగట్టగా వచ్చే 160 బిట్ల ఫలితమది. లోపల ఒక్క కామా మారినా పేరు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పని కోసం గిట్ రాసినప్పుడు అంతా ఈ పేర్ల మీదే నడిచేలా కట్టారు.

రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే పేరు వస్తే ఈ పేర్ల మీదున్న నమ్మకం పోతుంది. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ, గూగుల్ పరిశోధకులు కలిసి ఒకే షా-1 విలువ వచ్చే రెండు పీడీఎఫ్‌లను బయటపెట్టారు. వెబ్‌కిట్ ప్రాజెక్టువాళ్లు ఆ రెండింటినీ గిట్ లాంటిదే అయిన సబ్‌వర్షన్‌లోని తమ రెపోలో (కోడ్ నిల్వలో) చేర్చగానే అది మొరాయించింది. గిట్ మాత్రం ఫైలు రకాన్నీ సైజునూ ముందు చేర్చి లెక్కగడుతుంది కనుక ఆ జంట బారిన పడలేదు. అయితే గిట్ కోసమే అలాంటి జంటను తయారు చేయడం అసాధ్యమేమీ కాదు. అందుకే అదే ఏడాది 2.13 వెర్షన్‌లో దాడి ఆనవాళ్లను పసిగట్టే షా-1 పెట్టారు. మరుసటి ఏడాది, దాని స్థానంలోకి షా-256 రావాలని తేల్చారు.

షా-256 కోడ్ అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని తగిలించడం చిన్న పనే. కానీ గిట్ సి కోడ్ నిండా 20 బైట్ల అర్రేలే, 40 అక్షరాల కొలతలే ఉండేవి. వాటిని వెతికి పట్టుకుని, ఏ హ్యాష్‌నైనా ఇముడ్చుకునే నిర్మాణంలోకి మార్చుకుంటూ రావాల్సి వచ్చింది. టెస్టుల్లో నేరుగా రాసేసిన షా-1 విలువలనూ సరిచేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి, వాడేవాళ్లకు తెలియకుండానే సాగిన ఈ చాకిరీ నా దృష్టిలో కొత్త ఫీచర్లన్నిటికన్నా గొప్పది.

పాత రెపోల సంగతి ఇంకా జటిలం. మొదటిది తప్ప ప్రతి కమిట్‌లో (భద్రపరచిన మార్పులో) దాని ముందు కమిట్ పేరు రాసి ఉంటుంది. ఒక్క పేరు మారితే ఆ తర్వాతి పేర్లన్నీ మారతాయి. పాత పేర్లను నమ్మి చేసిన డిజిటల్ సంతకాలు కొత్త రూపానికి వర్తించవు. అందుకే రెండు పేర్లనూ జతచేసి పట్టికగా ఉంచుకోవాలన్నది గిట్ ప్రణాళిక.

2020 అక్టోబరులో 2.29 వెర్షన్ షా-256 రెపోలను ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2023లో 2.42తో ఆ ‘ప్రయోగాత్మక’ ముద్ర తొలగింది. గిట్ 3.0లో కొత్త రెపోలకు షా-256నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2030 చివరికల్లా షా-1ను పూర్తిగా వదిలేయమంటోంది.

గిట్ చుట్టూ స్క్రిప్టులు, టూల్స్ రాసే మన ప్రోగ్రామర్లు ఒక్కసారి తమ కోడ్ తెరిచి చూసుకోవాలి. కమిట్ ఐడీ నిడివి 40 అని ఎక్కడైనా రాసి ఉంటే ఇప్పుడే తీసేయండి. కొత్త పేరు 64 అక్షరాలు.