పెంపుడు కుక్కలు: అపార్ట్‌మెంటు తీర్మానాలు, జాతి నిషేధాలు

చట్టం, నియమం, ప్రభుత్వ సర్క్యులర్, సంఘం ఉపనియమం, వ్యక్తుల మధ్య ఒప్పందం – వీటన్నింటికీ ఒకే బరువు ఉండదు. ఆ తేడా నిత్యజీవితంలో ఎలా పనిచేస్తుందో ఈ భాగంలో ఒక సాధారణ తగాదా ద్వారా తెలుసుకుందాం.

ఒక అపార్ట్‌మెంటులో సొంత ఫ్లాటు గల కుటుంబం నాలుగేళ్లుగా ఒక కుక్కను పెంచుతున్నదనుకుందాం. రేబిస్ టీకాలు వేయించారు. మునిసిపల్ లైసెన్సు ఉంది. అది ఎవరినీ కరవలేదు. ఒకనాడు నివాసుల సంఘం సమావేశమై, మెజారిటీ ఓటుతో “భవనంలో కుక్కలు ఉండరాదు, నెలలోగా పంపివేయాలి” అని తీర్మానించి నోటీసు అంటించింది.

“పంపివేయాలి” అన్న మాట దగ్గరే మొదటి చిక్కు ఉంది. పెద్ద కుక్కను తీసుకునేవారు సులభంగా దొరకరు. చివరకు ఊరి బయట వదిలేసి రావడమే మిగులుతుంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సహేతుక కారణం లేకుండా వదిలివేయడం నేరం. మొదటిసారి జరిమానాగా ఆ చట్టం నిర్ణయించినది 10 నుంచి 50 రూపాయలే. అది చట్టం చేసిన నాటి అంకె. నేటి లెక్కకు నవ్వు తెప్పిస్తుంది. అయినా నేరం నేరమే. అది చేతులెత్తి ఓటు వేసినవారి మీద కాదు, కుక్కను వదిలి వచ్చిన వ్యక్తి మీద పడుతుంది.

ఇక తీర్మానం సంగతి. మన రాష్ట్రాలలో ఇటువంటి సంఘాలు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గాని నమోదవుతాయి. మెట్లు, లిఫ్టు, పార్కు వంటి ఉమ్మడి స్థలాల వాడకాన్ని క్రమబద్ధం చేయడం వాటి పని. ఇంటి లోపల చట్టబద్ధంగా సాగుతున్న దానిని ఓటు బలంతో నిషేధించడం వేరు. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న జారీ చేసిన మార్గదర్శకాలు ఈ విషయాన్ని సూటిగా చెప్పాయి: మెజారిటీ కోరినా సంఘం పెంపుడు కుక్కలను నిషేధించలేదు; మొరుగుతున్నదన్నది నిషేధానికి కారణం కాదు; లిఫ్టు వాడినందుకు ప్రత్యేక రుసుము వసూలు చేయరాదు. పార్కులో తిప్పడానికి వేళలు నిర్ణయించుకోవచ్చు, గొలుసు వేసి నడిపించమని కోరవచ్చు.

కుక్కల యజమానులు ఈ కాగితాన్ని తరచుగా “చట్టం” అంటారు. అది చట్టం కాదు. మండలి 1960 చట్టం కింద ఏర్పడిన సంస్థే అయినా, ప్రధానంగా సలహా ఇచ్చే సంస్థ. దాని మార్గదర్శకాలు వాదనకు మంచి ఆధారమే కాని, వాటంతట అవే తీర్మానాన్ని కొట్టివేయవు. అద్దెకు ఉండేవారి స్థితి ఇంకా బలహీనం. పెంపుడు జంతువులు ఉండరాదన్న షరతుపై సంతకం చేసి ఉంటే, ఇంటి యజమాని చేతిలో ఉన్నది ఒప్పందం. ఒప్పందంలో ఆ ప్రస్తావన లేకపోతే మాత్రం, మధ్యలో కొత్త షరతు చేర్చడానికి ఇద్దరి అంగీకారం కావాలి.

కాగితం బరువు ఎంత అన్న ఇదే ప్రశ్న 2024లో దేశమంతటికీ ఎదురైంది. కుక్కల దాడుల నేపథ్యంలో కేంద్ర పశుసంవర్ధక శాఖ మార్చి 12న రాష్ట్రాలకు లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో, డోగో అర్జెంటీనో తదితర 23 జాతులకు, వాటి సంకరాలకు, అమ్మకానికి గాని పెంపకానికి గాని లైసెన్సులు ఇవ్వవద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలని అందులో ఉంది. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దానిని రద్దు చేసింది. సంబంధిత వర్గాల అభిప్రాయం వినకుండా నిర్ణయం తీసుకోవడం ప్రధాన లోపం. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా దానిని పక్కన పెట్టి, ముందు ప్రజల అభ్యంతరాలు స్వీకరించమన్నది. ఆ జాతులు ప్రమాదకరం కావని కోర్టులు తేల్చలేదు. నిషేధం తెచ్చిన పద్ధతిని తప్పుపట్టాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

జాతి నిషేధంలో మరో ఇబ్బంది గుర్తింపు. బ్రిటన్ 1991లో ప్రమాదకర కుక్కల చట్టం చేసి, పిట్‌బుల్‌తో సహా నాలుగు రకాలను నిషేధించింది. ఇటీవల ఎక్స్‌ఎల్ బుల్లీని చేర్చింది. అక్కడ కుక్క నిషిద్ధ రకానిదా కాదా అన్నది డీఎన్‌ఏతో కాక, ఆకారాన్ని, కొలతలను బట్టి నిర్ణయిస్తారు. అలా తేలినా, ప్రజలకు ప్రమాదం లేదని కోర్టు నమ్మితే శస్త్రచికిత్స, బీమా, బయట మూతికి చిక్కం వంటి షరతులపై కుక్కను ఉంచుకోనిస్తారు. నెదర్లాండ్స్ తన పిట్‌బుల్ నిషేధాన్ని 2008లో విరమించుకుంది. దానివల్ల కాట్లు తగ్గలేదన్నది కారణం.

మన చట్టం జాతిని కాక నడవడిని చూస్తుంది. తన వద్ద ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి లేదా తీవ్ర గాయానికి దారితీయగల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ సెక్షన్ లాబ్రడార్ యజమానికీ, ఊరకుక్కను తెచ్చి పెంచుకున్నవారికీ సమానంగా వర్తిస్తుంది. నోటీసు అందిన కుటుంబం టీకా పత్రాన్ని, లైసెన్సును జతచేసి, తీర్మానం ఏ ఉపనియమం కింద చేశారో తెలపమని సంఘానికి రాతపూర్వకంగా అడగడం మొదటి మెట్టు. జవాబు రాకుంటే సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో కుటుంబం అద్దెకు ఉంటున్నదని, కుక్క రాట్‌వైలర్ అని, ఒప్పందంలో పెంపుడు జంతువుల ప్రస్తావన లేదని అనుకోండి. సంఘం 2024 మార్చి లేఖను చూపి ఖాళీ చేయమంటే, ఆ కుటుంబం ఇవ్వగల జవాబును పది వాక్యాలలో రాయండి.