కారం పడకముందే ఒక గరిటె తీయండి

రాత్రి ఏడున్నర. మీరు డ్యూటీ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చారు. ఫ్రిజ్‌లో మధ్యాహ్నం వండిన పప్పు, కొంచెం అన్నం ఉన్నాయి. కూరగాయల బుట్టలో రెండు టమాటలు, వాడిపోవడానికి సిద్ధంగా ఉన్న పాలకూర కట్ట. ఏడాదిన్నర పాప ఆకలికి మీ కాళ్లకు చుట్టుకుని ఏడుస్తోంది. ఇప్పుడు మీ చెయ్యి దేని మీదకు పోతుంది? నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో బిస్కెట్ ప్యాకెట్ మీదకు. రెండు బిస్కెట్లు పాలలో నానబెట్టి పెడితే పాప ఏడుపు ఆగుతుంది, మీకు పని తెములుతుంది. ఒకరోజు అయితే నష్టమేమీ లేదు. అదే రోజూ అయితే ఏం జరుగుతుందో చెప్పడానికే ఇదంతా.

వరంగల్‌లో నా ఓపీకి వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లే. అయినా తల్లి బీపీకో, థైరాయిడ్‌కో చూపించుకుంటుంటే ఒళ్లో ఉన్న బిడ్డను చూడకుండా ఉండలేను కదా. అరచేయి తెల్లగా పాలిపోయి ఉంటుంది. ‘ఏం తింటడమ్మా వీడు?’ అని అడిగితే దాదాపు ఒకటే జవాబు: ‘ఏం తింటలేడు మేడం, పాలు మాత్రం మంచిగ తాగుతడు.’ ఆ రెండో మాటలోనే అసలు సంగతి ఉంది. పాలలో ఐరన్ లేదన్నంత తక్కువ. రోజుకు ముప్పావు లీటరు పాలు తాగే ఏడాదిన్నర బిడ్డకు ఇక అన్నం తినే ఆకలి ఉండదు. పైగా పాలలోని కాల్షియం ఉన్న కాస్త ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వదు. బిడ్డ బొద్దుగానే కనిపిస్తాడు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది ఉంటుంది.

ఇది పేదిళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 61 శాతం దగ్గర ఉండేది. అంటే తగ్గాల్సింది పెరిగింది. దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది దాదాపు 11 శాతానికే. కొనలేక పెట్టనివాళ్లు కొందరైతే, ఇంట్లో అన్నీ ఉండి కూడా బిడ్డ ప్లేటులోకి చేరనివాళ్లు చాలామంది. ఈ రెండేళ్లలో మెదడు ఎదిగే వేగం మళ్లీ రాదు. ఐరన్ చాలని పిల్లల్లో ఏకాగ్రత, నేర్చుకునే శక్తి తగ్గుతాయి. తర్వాత ఎన్ని టానిక్కులు తాగించినా ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

వేరే వంట వద్దు

‘పిల్లలకు వేరేగా వండే టైమెక్కడిది?’ అంటారు. వేరేగా వండాల్సిన అవసరమే లేదు. మీరు పప్పు వండుతున్నారు. పప్పు, టమాట, ఆకుకూర ఉడికాయి. ఇంకా కారం, ఉప్పు వేయలేదు. సరిగ్గా అక్కడ ఆగి ఒక గరిటె పక్కకు తీయండి. దాన్ని మెత్తటి అన్నంలో మెదిపి, ఒక చెంచా నెయ్యో నూనో కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. బిడ్డ వంట అయిపోయింది. తర్వాత మీ పప్పులో మీకు ఇష్టమైనంత కారం వేసుకోండి. ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊరు మనది, మిర్చి మీద మమకారం నాకు తెలుసు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే మన చపాటా మిర్చి కూడా రెండేళ్లలోపు పిల్లలకు పెట్టాల్సిన పని లేదు.

కోడికూర వండినా, గుడ్డు పులుసు పెట్టినా, సొరకాయ కూర చేసినా ఇదే పద్ధతి. ముక్క ఉడికాక, మసాలా పడకముందు బిడ్డ వాటా తీసేయాలి. ఏడాది నిండే వరకు ఉప్పు, చక్కెర అవసరం లేదు. రుచి లేకుండా ఎలా తింటారని నాయనమ్మలు బాధపడతారు. ఉప్పు రుచి తెలియని నాలుకకు చప్పన అనే మాటే తెలియదు. తేనె మాత్రం ఏడాదిలోపు నాకించను కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి ప్రాణం మీదకు తెస్తాయి.

అన్నంలో పప్పు ఎందుకు కలపాలో కూడా చెప్తాను. బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు వేసి, గుప్పెడు ఆకుకూరో క్యారెట్ తురుమో కలిపి చిన్న గిన్నెలో పోసి, మీ అన్నంతోపాటే కుక్కర్లో పెట్టేయండి. అదనంగా గ్యాస్ ఖర్చు లేదు, మీ సమయమూ పోదు.

పలచటి చారు కాదు, చిక్కటి ముద్ద

చదువుకున్న ఇళ్లలోనూ ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. అరుగుతుందో లేదోనని అన్నాన్ని నీళ్లలా చేసి, చారు పోసి పిసికి పెడతారు. బిడ్డ కడుపు ఎంత? కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఎనిమిది కిలోల బిడ్డకు 240, అంటే ఒక గ్లాసు. ఆ గ్లాసు నిండా పప్పుకట్టు పోస్తే కడుపు నిండుతుంది, శక్తి అందదు. గంటకే మళ్లీ ఏడుస్తాడు. చెంచా ఒంపితే జారిపోకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. నెయ్యి లేదా నూనె ఒక చెంచా ఎందుకు వేయమన్నానంటే, ఆ చిన్న కడుపులో చోటు తీసుకోకుండా శక్తిని పెంచేది అదొక్కటే.

ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలలకల్లా పూటకు అర కప్పు. ఏడాది దాటాక ముప్పావు నుంచి ఒక కప్పు, రోజుకు మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. తల్లిపాలు రెండేళ్ల వరకు కొనసాగించవచ్చు. ఏడాది దాటిన బిడ్డకు ప్యాకెట్ పాలు రోజుకు అర లీటరు మించకూడదు.

రాగిజావ చిక్కగా ఉంటే మింగడం లేదా? ఒక చిట్కా ఉంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించుకోండి. మొలకలో పుట్టే ఎమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. మామూలు పిండితో కాచిన చిక్కటి జావ కొంచెం చల్లారాక అందులో ఈ మొలకల పిండి ఒక చెంచా కలిపితే, నీళ్లు పోయకుండానే జారుగా మారుతుంది. తర్వాత ఒక పొంగు రానిచ్చి పెట్టండి. పైగా 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు కావాల్సింది 500.

మన డబ్బాల్లోనే ఉంది

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు ఒకసారి గుర్తు చేసుకోండి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, చివరిరోజు పెరుగు సద్ది, నువ్వుల సద్ది. చాలావరకు పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడాల్సిన అవసరం లేనివే, పళ్లు సరిగా రాని నోళ్లు కూడా తినగలిగినవే. ఆడపిల్లల పండుగకు ఆ తిండి ఊరికే కుదరలేదని నాకనిపిస్తుంది.

అటుకులు కడిగి పిండి, పెరుగు కలిపి, అరటిపండు మెదిపి పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. మీద ఒక చెంచా పల్లీల పొడో నువ్వుల పొడో చల్లండి. మిగిలిన పప్పు ఉందా? నీళ్లకు బదులు ఆ పప్పుతో గోధుమపిండి కలిపి రొట్టె చేయండి, మెత్తగా వస్తుంది. మిగిలిన రొట్టెను మలీద చేసి పెట్టండి. దోశపిండిలో గుడ్డు కొట్టి, పాలకూర తరిగి అట్టు పోయండి. సర్వపిండిలో పచ్చిమిర్చి మానేసి, నానిన పెసరపప్పు, నువ్వులు, మునగాకు ఎక్కువ వేసి, గట్టిపడకుండా మూతపెట్టి కాల్చితే రెండేళ్లు దాటినవాళ్లు చేత్తో పట్టుకుని తింటారు. గుడ్డు వేడి అంటారు కదా? ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మూడేళ్లలోపు బిడ్డకు రోజుకు కావాల్సింది పన్నెండు గ్రాములకు కొంచెం ఎక్కువ. బాగా ఉడికించి నిశ్చింతగా పెట్టండి, ఎండాకాలంలో కూడా. మాంసం తినే ఇళ్లలో వారానికోసారి మేక కార్జం రెండు చిన్న ముక్కలు ఉడికించి అన్నంలో మెదపండి. ఐరన్ విషయంలో దానికి సాటివచ్చేవి తక్కువ.

బెల్లం తింటే రక్తం పడుతుందని నమ్ముతాం. మేడారంలో దాన్నే బంగారం అంటాం. కానీ బిడ్డ తినే చిన్న ముక్కలో ఐరన్ చాలా స్వల్పం. బీట్‌రూట్‌ది కూడా రంగు మాత్రమే ఎరుపు. తోటకూర, పప్పులు, నువ్వులు, గుడ్డు, మాంసం మీద నమ్మకం పెట్టుకోండి. ఆకుకూర తిన్న పూట నిమ్మరసమో, టమాటనో, జామపండో తోడుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ ఇస్తే అదీ పోతుంది. పిల్లలకు టీ ఎవరిస్తారని అనుకోకండి, సాసర్లో పోసి ఇచ్చే తాతయ్యలను రోజూ చూస్తుంటాను.

హైదరాబాద్ మిక్స్

డబ్బా పొడులు కొనేముందు మన దగ్గర్లోనే పుట్టిన ఒక పొడి గురించి తెలుసుకోండి. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఆకలితో చిక్కిపోయిన పిల్లల కోసం దీన్ని తయారుచేసింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఇంతే. ఆ మొత్తంలో 330 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటాయి. కొన్ని దశాబ్దాలుగా వైద్య విద్యార్థులు చదువుకుంటున్న ఫార్ములా ఇది. దాని ప్రత్యేకత ఏమిటంటే ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సరుకే. అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం కూడా గోధుమ, శనగపప్పు కలిసిన పొడే. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. అది గొర్రెలకో కోళ్లకో వేసే ఇళ్లు నాకు తెలుసు. మీరు తెచ్చుకోండి, వాడండి.

ఇంట్లో చేసుకోవాలంటే 400 గ్రాముల గోధుమలు, 160 శనగపప్పు, 100 పల్లీలు విడివిడిగా దోరగా వేయించి పొడి కొట్టండి. బెల్లం ముందే కలపకండి. రెండేళ్లలోపు పిల్లలకు అరటిపండు తీపి చాలు, పెద్దవాళ్లకు వండేటప్పుడు కొంచెం వేయవచ్చు. ముడుచుకుపోయిన, బూజు వాసన వచ్చే పల్లీలు ఒక్కటి కూడా వేయొద్దు. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, అది కాలేయానికి చేటు. తడిలేని డబ్బాలో పోసి మూడు వారాల్లో వాడేయండి. మొదటిసారి పావు చెంచా పెట్టి దద్దుర్లు, వాంతులు రాలేదని చూసుకున్నాకే పెంచండి. ఇదే పల్లీని గింజగా మాత్రం నాలుగైదేళ్ల వరకు ఇవ్వకండి. పుట్నాలు, ద్రాక్షపండ్లు కూడా అంతే. ఊపిరిగొట్టానికి అడ్డం పడి, ఆసుపత్రికి వచ్చేలోపే నీలంగా మారిన బిడ్డను చూశాక ఆ మాట చెప్పకుండా ఉండలేను.

పాలలో కలిపే చాక్లెట్ పొడుల సంగతి కూడా ఒక ముక్క. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ అలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ విభాగం నుంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు సూచించింది. డబ్బా మీద చక్కెర ఎంతో ఒకసారి చదివితే మీకే అర్థమవుతుంది.

మిగిలిన అన్నం జాగ్రత్త

మిగిలిందాంతో వండమన్నానని రోజంతా బయట పెట్టిన అన్నం వాడకండి. అన్నంలో ఉండే బ్యాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గది వేడికి అవి మొలకెత్తి విడుదల చేసే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మన ఊరి మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికల్లా వాడేయండి, పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేయండి.

ఇక తినిపించడం. ఫోన్ చూపించి మింగించిన ముద్దతో కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియదు. కొత్త రుచిని ఒకసారి ఉమ్మేస్తే ఇష్టం లేదని తీర్మానించకండి. ఎనిమిది, పది సార్లు రుచి చూశాక అలవాటు పడేవాళ్లే ఎక్కువ. నాన్నలకు ఒక మాట: పైన చెప్పినవాటిలో అమ్మ మాత్రమే చేయగల వంట ఒక్కటీ లేదు.

బిడ్డ మట్టి, సున్నం తింటున్నా, అరచేతులు పాలిపోయి ఉన్నా, రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోయినా వంట మీదే ఆధారపడకుండా డాక్టరుకు చూపించండి. ఆరు నెలలు దాటిన, అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే పోషకాహార లోపమే. అంగన్‌వాడీలో టేపుతో కొలుస్తారు. ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్‌ను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, ఆశా కార్యకర్తను అడగండి. సిరప్‌ను పాలలో కలపకండి. అది వేస్తున్న రోజుల్లో మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మానేయొద్దు. సీసా మాత్రం పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. తియ్యగా ఉందని ఒకేసారి తాగేస్తే ప్రాణాపాయం.