మే నెల ఎండను బట్టి కొనాల్సిన ఫ్యాన్

నిరుడు మే నెలలో మా అక్క కొడుకు చిప్పగిరి నుంచి ఫోన్ చేశాడు. “రాత్రి పది దాటినాక కంప్యూటర్ పెడితే ఆ ఫ్యాన్ మోతకు అవ్వకు నిద్ర పడతల్యా మామా. ఏ ఫ్యాన్ తేవాల?” ఫలానాది కొను అని చెప్పి పెట్టేయడానికి మనసు ఒప్పలేదు. గదిలో థర్మామీటర్ పెట్టి చూడమన్నాను. వాళ్లది బండల మిద్దె. పగలంతా కాగిన బండలు రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి దించుతాయి. పదింటికి గదిలో 37 డిగ్రీలు, క్యాబినెట్ లోపల 44. మధ్యాహ్నం చూస్తే 41, 48. ఫ్యాన్ ఎందుకు అరుస్తోందో ఆ నాలుగు అంకెలు చూస్తేనే సగం తెలిసిపోయింది.

మా పక్క కూలర్ అంటే గడ్డి పలకలు, నీళ్ల తొట్టి ఉండే ఎయిర్ కూలర్ గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది ప్రాసెసర్ నెత్తిన కూర్చునే కూలర్ గురించి. అందులో రెండు భాగాలు: వేడిని లాక్కునే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, ఆ వేడిని గాలిలో కలిపేసే ఫ్యాన్. కొనేవాళ్లు ఎక్కువగా ఫ్యాన్ గురించే అడుగుతారు. నిశ్శబ్దం కావాలంటే మొదట అడగాల్సింది హీట్‌సింక్ ఎంత పెద్దదని.

కూలర్ సత్తాను కొలిచే అంకె ఉష్ణ నిరోధం. ప్రాసెసర్ ఒక్కో వాట్ ఖర్చు చేసినప్పుడు చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందో అది చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే కూలర్ అంత మంచిది. ప్రాసెసర్ 85 డిగ్రీలు దాటకూడదని మనం గీత గీసుకుందాం. చిప్పగిరి మే మధ్యాహ్నం క్యాబినెట్ లోపలే 48 ఉంది కాబట్టి చేతిలో మిగిలేది 37 డిగ్రీలు. 65 వాట్ల ప్రాసెసర్ అయితే 37ను 65తో భాగించాలి: వాట్‌కు 0.57 డిగ్రీలు. జనవరిలో క్యాబినెట్ లోపల 30 ఉంటే మిగిలేది 55, అప్పుడు 0.85 ఉన్నా చాలు. అదే ఇల్లు, అదే యంత్రం. చలికాలంలో మూలుగు కూడా వినబడని ఫ్యాన్ ఎండాకాలంలో ఇల్లంతా మోగడానికి కారణం ఇదే.

పత్రికల్లో, వీడియోల్లో వచ్చే పరీక్షలు చదివేటప్పుడు కూడా ఈ తేడాను కలుపుకోవాలి. అవి సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేసినవి. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 70 దగ్గర ఆగిందంటే, ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా మన 41 డిగ్రీల గదిలో అది 89కి చేరుతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్నే పెరుగుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లు ఏ పరీక్ష చూసినా దానికి సుమారు 19 కలిపి చదువుకోవడం మేలు.

ప్రాసెసర్ డబ్బా మీద రాసి ఉన్న వాట్లను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇంటెల్ కోర్ ఐ5-12400నే తీసుకోండి. దాని మూల అంకె 65 వాట్లు, టర్బోలో గరిష్ఠం 117. ఆ 117తో పైన చేసిన లెక్క మళ్లీ చేస్తే వాట్‌కు 0.32 డిగ్రీలు వస్తుంది. అంత పని చేస్తూ చప్పుడు కూడా చేయని కూలర్ కావాలంటే పెద్దది, ఖరీదైనది కొనాలి. పైసా ఖర్చు లేని దారి ఒకటుంది: మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి పవర్ పరిమితిని 65 దగ్గర బిగించడం. ఏఎండీ రైజెన్ వాడేవాళ్లకు ఇదే పనికి ఎకో మోడ్ ఉంది. పాఠాలు వినడం, టైపింగ్, లెక్కల షీట్లు, కాస్త కోడింగ్, ఇలాంటి ఇంటి పనుల్లో ఆ తేడా తెలియనే తెలియదు. గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం పని కొంత నెమ్మదిస్తుంది. మా వాడితో మొదట చేయించింది ఇదే. కూలర్ మార్చకముందే మోత తగ్గింది.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. ఫ్యాన్లన్నీ పాటించే సూత్రం ఒకటుంది. వేగం సగమైతే గాలి సగమవుతుంది, తినే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. పది డెసిబెళ్లు తగ్గితేనే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఫ్యాన్‌ను 1000కి దించితే వచ్చే లాభం చిన్నది కాదు.

గాలి తగ్గితే వేడి పెరగదా అంటే, పెరుగుతుంది. అందుకే వేగం తగ్గించే ముందు ఫ్యాన్ వెడల్పు పెంచాలి. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ 2700 చుట్లతో తోసే గాలిని, అదే తీరు రెక్కలున్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 800 చుట్లకే తోస్తుంది. వెడల్పు పెరిగినందుకు కొంత చప్పుడు పెరిగినా, వేగం తగ్గినందువల్ల తగ్గేది అంతకంటే చాలా ఎక్కువ. మొత్తం మీద దాదాపు 14 డెసిబెళ్లు తగ్గుతాయి. పైగా కావాల్సిన గాలి కూడా పెద్ద మొత్తమేమీ కాదు. 65 వాట్ల వేడిని, గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పంపాలంటే సెకనుకు 6 లీటర్లు చాలు. అంటే మూడు సెకన్లకు ఒక బిందెడు గాలి. 120 ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే ఆ పని చేసేస్తుంది. ఆ గాలి తాకడానికి తగినంత లోహం ఉండాలి, అంతే.

ఆ లోహానికి ప్రాణం హీట్‌పైపులు. రాగి గొట్టంలోంచి గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. ప్రాసెసర్ దగ్గర నీరు ఆవిరై పైకి పోతుంది, హీట్‌సింక్ రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడకున్న సన్నని పొర దాన్ని వత్తిలా పీల్చి కిందికి చేరుస్తుంది. అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టి చుక్కలై కిందికి జారినట్టే. 65 వాట్ల వేడి మోయడానికి నిమిషానికి రెండు గ్రాములు కూడా ఆవిరి కానక్కర్లేదు. నీరు ఆవిరయ్యేటప్పుడు అంత వేడిని తనలో దాచుకుంటుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించి, హీట్‌పైప్ అని పేరు పెట్టాడు. నాకు ఈ చిన్న గొట్టమంటే నిజంగా గౌరవం. కదిలే భాగం ఒక్కటీ లేదు, చప్పుడే లేదు.

ఇంటికి సరిపోయేది నిలువు టవర్ కూలర్, నాలుగు హీట్‌పైపులు, ఒక 120 ఫ్యాన్. డీప్‌కూల్ ఏకే400 ఈ కోవలోది. ఎత్తు 155 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 500 నుంచి 1850 చుట్ల దాకా తిరుగుతుంది. 2014లో వచ్చిన నాక్టువా ఎన్‌హెచ్-డీ15 చాలా గొప్పది. రెండు 140 ఫ్యాన్లు, 165 మిల్లీమీటర్ల ఎత్తు, ఫ్యాన్లతో కలిపి 1320 గ్రాముల బరువు. 65 వాట్లకు బిగించిన ఇంటి యంత్రానికి అంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. నీళ్ల కూలర్ కూడా వద్దంటాను. దాని పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

కొనే ముందు స్కేలు పట్టుకుని క్యాబినెట్ పక్క తలుపు తీయండి. ప్రాసెసర్ పై నుంచి తలుపు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఇరుకు క్యాబినెట్లలో 155 పట్టదు. ఫ్యాన్ తీగకు నాలుగు పిన్నులు ఉండాలి. నాలుగో పిన్ను సెకనుకు 25 వేల సార్లు కొట్టే సంకేతంతో వేగాన్ని అదుపు చేస్తుంది. మన చెవికి 20 వేలకు పైన వినపడదు, అందుకే ఆ అదుపుకు చప్పుడుండదు.

కూలర్ డబ్బా మీద 25 డెసిబెళ్లని రాసి ఉంటే, ఎంత దూరం నుంచి కొలిచారో చూడండి. మీటరు దూరంలో కొలిచినది అరమీటరు దూరంలో కూర్చున్న మనకు 6 ఎక్కువ వినిపిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు దాటకూడదంటాయి. ఏ మంచి కూలరైనా దానికి చాలా కిందే ఉంటుంది. అయినా పల్లె రాత్రి ఎంత ప్రశాంతంగా ఉంటే ఫ్యాన్ అంత స్పష్టంగా వినిపిస్తుంది. ఒకే తీరున సాగే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది. క్షణం పెరిగి క్షణం తగ్గే చప్పుడే నిద్ర చెడగొడుతుంది. బయోస్‌లో 60 డిగ్రీల దాకా వేగం మారకుండా పెట్టి, అక్కడి నుంచి 85 దాకా మెల్లగా పెరిగేలా గీత గీయండి.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన శత్రువు దూది. ఆదోని జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల, పత్తి దించే ఇళ్లలో, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో సన్నని పీచు గాలిలో తేలుతూ నేలకు దగ్గరగా చేరుతుంది. నల్లరేగడి దుమ్ము దానికి తోడైతే ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య కంబళిలా అల్లుకుంటుంది. గాలి ఆగిపోయి ఫ్యాన్ మళ్లీ అరుస్తుంది. క్యాబినెట్‌ను నేల మీద పెట్టకుండా అడుగు ఎత్తు పీట మీద పెట్టండి. ఎయిర్ కూలర్ తడిగాలి సూటిగా దాని మీదికి రానివ్వకండి. దసరాకు ఒకసారి, పత్తి పనులు ముగిశాక ఉగాదికి ఒకసారి ఇల్లు దులిపేటప్పుడు దీన్నీ దులపాలి. స్విచ్ ఆపి, తీగ పీకి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. మిగిలింది మెత్తని కుంచెతో తీయండి.

కొత్త కూలర్ బిగించేటప్పుడు ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి, శనగగింజంత కొత్తది మధ్యలో పెడితే చాలు. గాలి కంటే అది వందల రెట్లు బాగా వేడిని దాటిస్తుంది, కానీ లోహం అంతకంటే ఎన్నో రెట్లు మేలు. కాబట్టి పొర పలచగా ఉండాలి. బిగించిన రోజే అరగంట గట్టి పని పెట్టి, ఆ తేదీ, గది వేడి, ప్రాసెసర్ వేడి ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించండి. మా వాడి చీటీలో గది 37, ప్రాసెసర్ 68, అంటే తేడా 31. ఇక మీదట ఎప్పుడు చూసినా, ఫ్యాన్ వేగం మార్చకుండానే ఆ తేడా 40కి చేరితే ముందు దూది తీయాలి. తీశాక కూడా దిగకపోతే పేస్ట్ మార్చాలి.