ఎక్కిన టైరల్లా సరిపోయినట్టు కాదు

పంజగుట్ట ద్వారకాపురి కాలనీలోనూ, అమీర్‌పేట వెనుక ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట వీధుల్లోనూ పాత ఇళ్ళ ముందు గుడ్డ కప్పి ఉంచిన అంబాసిడర్లు, పద్మినీలు ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉంటాయి. ఏడాదికోసారి, దసరాకు, ఆ ముసుగు తొలగుతుంది. కారును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి ముందుకు నడుపుతారు. నిమ్మకాయ నలిగిందా లేదా అని ఇంటిల్లిపాదీ చూస్తారు గాని, దాన్ని నలిపిన టైరు ఏ స్థితిలో ఉన్నదో చూసేవారు తక్కువ.

కారు కదలకపోయినా టైరుకు వయసు పైబడుతుంది. గాళ్ళు కొత్తవాటిలా లోతుగా ఉండగానే పక్కగోడలో రబ్బరు ఎండి వెంట్రుకవాసి పగుళ్ళు పడుతుంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన. మూలనపడ్డ కార్లు ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతాయి. పేలేది మాత్రం అటువంటి టైర్లే. వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టైరు పక్కన విడిగా నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 3222 అని ఉంటే 2022వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. మూడంకెలే ఉన్నాయా, అది 2000కు ముందుది. దానికి నమస్కారం పెట్టి దించివేయడమే మేలు.

చిక్కంతా ఆ తరువాతనే. హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ 1950 దశకం చివర రోడ్డెక్కి 2014లో నిలిచిపోయింది. దాని పాత టైరు సైజు 5.90-15. ముంబయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినిది 5.20-14. ఈ అంకెలు పట్టుకుని దుకాణానికి వెళితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: "అది రాదు సార్, ఇది ఎక్కుతుంది."

ఎక్కుతుంది, నిజమే. సరిపోతుందా అన్నదే ప్రశ్న.

అంకెల్లో ఏముంది?

5.90-15లో మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం; రెండూ అంగుళాలే. నేటి టైరుపై ఉండే 165/80 ఆర్ 15 లెక్క వేరు. 165 అన్నది వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతమని. ఆర్ అంటే రేడియల్. 15 మళ్ళీ అంగుళాలే. 165లో 80 శాతం 132. పైన, కింద కలిపి 264. పదిహేనంగుళాల రిమ్ముకు 381 కలిపితే మొత్తం 645 మిల్లీమీటర్లు. అదీ టైరు అసలు ఎత్తు. అంబాసిడర్ పాత టైరుకు దరిదాపుల్లో వచ్చే సైజు ఇది.

కొత్త కార్ల పుణ్యమా అని పదిహేనంగుళాల టైర్లకు ఇప్పుడు కొదవ లేదు. మోసం అక్కడే ఉంది. 195/65 ఆర్ 15 బజారులో విరివిగా దొరుకుతుంది. లెక్క వేస్తే ఎత్తు 634 పైచిలుకు, పరవాలేదనిపిస్తుంది. కాని ఆ టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. పాత కార్ల ఇనుప రిమ్ములు నాలుగంగుళాల చుట్టుపక్కలే ఉంటాయి. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు నోరు మూసుకుని ఉబ్బిన బుగ్గలా నిలబడుతుంది. మలుపులో పక్కకు ఒరుగుతుంది, నడిమి భాగం ముందుగా అరుగుతుంది. పైగా పాత అంబాసిడర్లకు పవర్ స్టీరింగు లేదు. అమీర్‌పేట సందుల్లో, శిక్షణ సంస్థల ముందు నిలిపిన ద్విచక్ర వాహనాల మధ్య నాలుగుసార్లు వెనక్కు ముందుకు తిప్పితే బండి నడిపేవారి భుజాలకు ఆ వెడల్పు సంగతి తెలిసివస్తుంది.

రిమ్ము మార్చి చిన్న చక్రాలు వేసుకునేవారూ ఉన్నారు. 185/65 ఆర్ 14 వేస్తే ఎత్తు 596కు దిగుతుంది. స్పీడు మీటరు 60 చూపుతున్నప్పుడు కారు నిజంగా పోయేది 55 మాత్రమే. కిలోమీటర్ల లెక్కా అలాగే తప్పుతుంది. ఇంజనుకు వృథా శ్రమ. పాత కొలతకు మూడు శాతం అటూ ఇటూ మించకపోతే మంచిది.

సుద్దముక్క చాలు

లెక్కలు గిట్టనివారికి ఇంటి ముందే ఒక పద్ధతి ఉంది. నాలుగు చక్రాలకు సరిగా గాలి పట్టించి, టైరు మీదా నేలమీదా సుద్దతో గీత పెట్టాలి. కారును తిన్నగా నెట్టి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగాక మళ్ళీ గీత గీయాలి. ఆ రెండు గీతల మధ్య దూరమే కొలత. కారు బరువుకు టైరు కాస్త అణుగుతుంది కనుక కాగితపు లెక్క కంటే ఇది కొంచెం తక్కువ వస్తుంది. కొత్త టైరునూ ఇదే తీరున కొలిచి పోల్చుకుంటే సరి.

మెరిసే అల్లాయ్ చక్రాల మోజు పడేవారు బోల్టుల వలయాన్ని విధిగా చూసుకోవాలి. ఫియట్ కుటుంబపు కార్లలో చాలావాటికి అది 98 మిల్లీమీటర్లు. నేటి చిన్న కార్లు అనేకం 100. తేడా రెండే మిల్లీమీటర్లు. బలవంతంగా బిగిస్తే బిగుస్తుంది కూడా. కాని బోల్టు ఏటవాలుగా కూర్చుంటుంది, చక్రం నడిమికి రాదు, వదులైపోతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోవడానికి వీలులేని చోటు ఇది.

పాత టైర్లలో దారాల పొరలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అడ్డుపడి ఉంటాయి. రేడియల్ అల్లిక వేరు, రోడ్డును పట్టే తీరూ వేరు. ఒకే ఇరుసుకు ఒకటి అదీ ఒకటి ఇదీ ఎన్నడూ వేయరాదు. రెండే రేడియళ్ళు కొనగలిగితే అవి వెనక్కే వెళ్ళాలి. ముందు వేస్తే తడిరోడ్డు మలుపులో కారు వెనుక భాగం జారుతుంది. ఇంకొక సంగతి. పాత రిమ్ములు ట్యూబు కోసం చేసినవి. ట్యూబు లేని టైరును పట్టి ఉంచే గట్టు వాటి అంచులో ఉండదు. టైరుపై ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్నా లోపల సరైన సైజు ట్యూబు వేయించడమే క్షేమం.

చట్టం మాట కూడా ఉంది. తయారీదారు చెప్పిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. యాభయ్యేళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు కేంద్రం 2021లో ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది; కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఆ హోదా కోరేవారు చక్రాల గోడలు కోయించడం, మడ్‌గార్డులు వెడల్పు చేయించడం వంటి పనులకు దిగకపోవడం మంచిది.

టైర్లు వేయించాక స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తిప్పి, వెనుక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, ఎక్కడైనా రాసుకుంటున్నదేమో చూడాలి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించాలి. ఈ పరీక్ష ఇంటి వద్ద చేయదగింది. పంజగుట్ట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి కాదు.

చాలామంది మరచేది డిక్కీలోని స్టెప్నీ. నాలుగూ మార్చి, అయిదవదిగా ఆ పాత 5.90నే ఉంచేస్తారు. ఒకనాటి రాత్రి ఫ్లైఓవర్ మీద పంక్చరై అది వెనుక చక్రంగా ఎక్కిందంటే, రెండు వెనుక చక్రాలూ రెండు ఎత్తుల్లో తిరుగుతాయి; ఇరుసు మధ్యనున్న పళ్ళచక్రాలు తిన్నని రోడ్డుపైనా క్షణం విశ్రాంతి లేకుండా అరుగుతాయి. కాబట్టి దుకాణంలో అడగవలసింది నాలుగు టైర్ల ధర కాదు, అయిదింటిది.