చేతి గడియారపు కేసు

చేతి గడియారము కొనునపుడు మనము ముల్లులను చూతుము, అంకెలను చూతుము. త్రిప్పి వెనుక మూతను చూచువారు తక్కువ. వరంగల్లు ఎండలకు ముంజేయి చెమర్చని దినముండదు. లోని యంత్రమును ఆ చెమ్మనుండి కాపాడునది కేసే.

చౌక కేసు ఇత్తడిది. ఇత్తడి అచ్చునకు సులువుగా లొంగును. పైన క్రోమియమో బంగారమో పూత పూయుదురు. పూత అరిగినచోట చెమటలోని ఉప్పు ఇత్తడిని తినును, మణికట్టుపై పచ్చని మరక పడును. పెండ్లి కానుకకు మెరుపు వలదని మేమనము గాని, నిత్యము ధరించుటకు స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. అందలి క్రోమియము గాలి తగిలి కంటికి కానరాని పొర కట్టును. గీత పడినను ఆ పొర మరల తానే ఏర్పడును.

1961లో బెంగుళూరున మొదలైన హెచ్.ఎం.టి. గడియారములు, 1981 నాటి హైదరాబాదు ఆల్విన్ గడియారములు నేటికిని కొందరి ఇండ్లలో కలవు. పాత గడియారముల మూతపై ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని యున్నచో మూత మాత్రమే ఉక్కు అని అర్థము. తక్కినది పూత పూసిన ఇత్తడి కావచ్చును. ఈ ముక్క అమ్మువారు చెప్పరు.

1926లో రోలెక్స్ వారు మూతను, కీ బుడిపెను మరలవలె బిగించు ‘ఆయిస్టర్’ కేసును తెచ్చిరి. సామాన్యపు కేసులలో మూతను నొక్కి బిగింతురు. నీరు చొరనీయని కేసులలో మూతక్రింద సన్నని రబ్బరు వలయముండును. ఏండ్లు గడచినకొలది అది గట్టిపడి పగులును. మరమ్మతుకిచ్చినపుడు దానిని మార్చుమని అడిగి మరీ చెప్పవలెను.