అండం తలుపు వేసుకునే వేళ

వేసవి సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ స్కూలు హాస్టళ్లలో శాస్త్రవేత్తలు మకాం వేస్తుండేవారు. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సులంటారు వీటిని. పొద్దున, రాత్రి ప్రసంగాలు. మధ్యాహ్నాలు ఖాళీ. అక్కడ విన్నదాన్ని రికార్డు చేయకూడదు, ఫొటో తీయకూడదు, బయట ఉటంకించకూడదు. అందుకే ఇంకా అచ్చెక్కని ఫలితాలను కూడా జంకు లేకుండా చెప్పుకుంటారు. ఈ సభల్లో ఒకటి ప్రత్యేకించి ఫలదీకరణ మీదే జరుగుతుంది. శుక్రకణం అండాన్ని చేరిందనే ఒక్క ముక్క మీద అన్ని రోజులు మాట్లాడడానికి ఏముంది అనిపిస్తుంది. నన్నడిగితే ఒక్క ప్రశ్న చాలు: మొదటిది లోపలికి వెళ్లాక రెండోది ఎందుకు వెళ్లలేకపోతోంది?

వెళితే ముప్పే. సీ అర్చిన్ అని ఒళ్లంతా ముళ్లున్న బంతిలాంటి సముద్రజీవి ఒకటుంది. దాని అండంలోకి రెండు శుక్రకణాలు దూరితే ఏమవుతుందో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ బొవేరి 1902 నాటికే గమనించాడు. కణం రెండుగా చీలాల్సింది పోయి ఒక్కసారే నాలుగు వైపులకు చీలుతుంది. క్రోమోజోములు ఎవరికి అందినవి వాళ్లు లాక్కున్నట్టు చెల్లాచెదురవుతాయి. ఆ పిండం బతకదు. మనుషుల్లోనైతే 46 ఉండాల్సిన క్రోమోజోములు 69 అవుతాయి. అలాంటి గర్భం దాదాపు ఎప్పుడూ నిలవదు.

సీ అర్చిన్ అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. సముద్రపు నీటిచుక్కలో వేసి, వీర్యం కలిపి, మైక్రోస్కోపు కింద పెడితే తతంగమంతా కళ్లముందే జరుగుతుంది. అండం చుట్టూ శుక్రకణాలు జోరీగల్లా ముసురుతాయి. అంతలో ఒకచోట ఏదో కదులుతుంది. అక్కణ్ణుంచి ఒక పలచని పొర పైకి లేచి, పూరీ పొంగినట్టు, అండం చుట్టూ వలయంలా పరుచుకుంటుంది. నిమిషం లోపే ఇదంతా. లోపలి అంచున బారులు తీరిన వేలాది సూక్ష్మ సంచులు ఒక్కసారిగా పగిలి, తమ సరుకును బయటికి కుమ్మరించడం వల్లే ఆ పొర లేస్తుంది.

అయితే ఆ నిమిషం లోపల చొరబడేవాటి సంగతేమిటి? ఉడ్స్ హోల్ సముద్రతీర ప్రయోగశాలలో ఏటేటా వేసవిలో పనిచేసిన నల్లజాతి శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ దీన్నే పట్టుకున్నాడు. పొర లేవక ముందే అండం ఉపరితలం మీద ఒక మార్పు అలలా సాగిపోతుందని, ఆ అల దాటిన చోట శుక్రకణం లోపలికి పోలేదని గమనించాడు. పెద్ద యూనివర్సిటీలేవీ ఆయన రంగు చూసి ఉద్యోగం ఇవ్వని రోజులవి. 1976లో లారిండా జాఫీ అనే శాస్త్రవేత్త మరో అడుగు ముందుకు వేసి, అన్నిటికంటే ముందు పడే గడియ విద్యుత్తుదని తేల్చింది. శుక్రకణం తాకిన క్షణాల్లోనే అండం పొర వోల్టేజి ఋణం నుంచి ధనంవైపు ఎగబాకుతుంది. ఎలక్ట్రోడుతో ఆ వోల్టేజిని ముందే ధనంగా ఉంచితే ఏ శుక్రకణమూ లోపలికి పోలేదు. పైకి ఎగబాకకుండా ఆపితే గుంపుగా చొరబడ్డాయి. ముందు కరెంటు గడియ, ఆ వెనక పొరతో గోడ.

మనలాంటి క్షీరదాలకు ఆ కరెంటు గడియ ఉన్నట్టు కనిపించదు. కోట్లలో బయలుదేరిన శుక్రకణాలు అండం దగ్గరికి చేరేసరికి వందల్లోకి పడిపోతాయి కాబట్టి అంత తొందర అక్కర్లేదేమో. ఇక్కడ పట్టు కుదిరేది రెండు ప్రోటీన్ల మధ్య. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు శుక్రకణం మీది దానికి ‘ఇజుమో’ అని, పెళ్లి సంబంధాలు కుదిర్చే దేవుడి క్షేత్రం పేరు పెట్టారు. 2014లో ఇంగ్లండులో అండం మీది జోడీ దొరికితే, రోమన్ల వివాహ దేవత పేరు మీద ‘జూనో’ అన్నారు. మనవాళ్లు కనిపెట్టి ఉంటే ‘అన్నవరం’ అయి ఉండేది! ఎలుక అండం ఫలదీకరణ జరిగిన 40 నిమిషాల్లోపే తన మీదున్న జూనోనంతా రాల్చేసుకుంటుంది. తాళమే ఊడబెరికేశాక తాళంచెవితో వచ్చి ఏం లాభం? పరుగుపందెంలో గెలిచిన వీరుడు, ఎదురుచూస్తూ కూర్చున్న అండం అని బడిలో చెప్పుకున్న కథ ఇక చెల్లదు.

ఇంతకీ ఇజుమో, జూనో చేసేది పట్టుకోవడం వరకే. రెండు పొరలనూ కరిగించి ఒకటి చేసేది ఏదన్నది క్షీరదాల్లో ఇంకా తేలలేదు. మొక్కల్లో, మలేరియా పరాన్నజీవిలో ఆ పని చేసేది హాప్2 అనే ప్రోటీను. దాని ఆకారం డెంగీ వైరస్ మన కణంలోకి చొరబడేందుకు వాడే ప్రోటీనును పోలి ఉంటుంది.

కోడికి ఈ గొడవే లేదు. దాని అండంలోకి పదుల కొద్దీ శుక్రకణాలు దూరినా ఒక్కదాన్నే ఉంచుకుని మిగతావాటిని కరిగించేస్తుంది. పుంజును వేరు చేసినా రెండు వారాల పాటు పొదిగే గుడ్లు పెడుతుంది, శుక్రకణాలను ఒంట్లో దాచుకుని. దుకాణంలో కొనే ఫారం గుడ్ల ముచ్చట వేరు, అక్కడ పుంజే ఉండదు. ఈసారి గుడ్డు కొట్టినప్పుడు సొన మీద తెల్లటి చుక్కను చూడండి. చిన్నగా, అంచు సరిగా లేకుండా ఉంటే ఫలదీకరణ జరగనట్టు. నాటుకోడి గుడ్డులో ఆ చుక్క చుట్టూ గుండ్రంగా వలయం కనిపిస్తే, జరిగినట్టే.