పాలలో గంజి: అయోడిన్ చెప్పు సాక్ష్యము

పాడిగల కర్షకునకు పాలే ప్రతిదినము చేతికి వచ్చు పంట. అందు కల్తీ చేరినచో నష్టము కలిపిన యొక్కనిది కాదు. ఒకే క్యానులో పాలు పోసిన సభ్యులందఱిది. కావున ఈ నెల సభ్యులెల్లరు ఇంటనే చేసికొనదగిన యొక చిన్న పరీక్షను గూర్చి వ్రాయుచున్నాము.

పాలలో నీరు కలిపినచో లాక్టోమీటరు లోతుగా మునిగి గుట్టు బయటపెట్టును. ఇది యెఱిగిన మోసగాండ్రు నీటితోపాటు గంజినో, పిండినో కలుపుదురు. అప్పుడు పాలు చిక్కగా కన్పట్టును. లాక్టోమీటరు అంకమును సరిపోవును. ఈ మోసమును పట్టునది అయోడిన్.

అయోడినును 1811లో ఫ్రాన్సు దేశీయుడగు కూర్ట్వా సముద్రపు నాచు బూడిదనుండి కనుగొనెను. పిండిపదార్థముతో కలిసినప్పుడది నీలివర్ణము నిచ్చునని 1814 నాటికే రసాయనవేత్తలు గుర్తించిరి. పిండిపదార్థములో అమైలోజు అను భాగము కలదు. దాని పొడవైన అణువులు చేదత్రాడువలె చుట్టలు చుట్టుకొని యుండును. ఆ చుట్టల నడుమ అయోడిన్ దూరి నిలిచినప్పుడు ముదురు నీలము పుట్టును. పాలలో సహజముగా నుండు లాక్టోజు అను చక్కెరకు ఇట్టి చుట్టలు లేవు. కావుననే స్వచ్ఛమైన పాలు నీలము కావు.

పరీక్షించు విధము: 2, 3 మిల్లీలీటర్ల పాలలో 5 మిల్లీలీటర్ల నీరు పోసి మరిగింపవలెను. పూర్తిగా చల్లారిన పిదప, మందుల దుకాణములో దొరకు టింక్చర్ అయోడిన్ 2, 3 చుక్కలు వేయవలెను. నీలము వచ్చినచో పిండి కలిసినట్లు. వేడిమీద ఈ రంగు నిలువదు గనుక తొందరపడరాదు. పరీక్షించిన పాలను పారబోయవలెను, త్రాగరాదు. నేతిలో కలిపిన చిలగడదుంప ముద్దయు అయోడిన్ చుక్కకు ఇట్లే బయటపడును. పసుపునకు మాత్రము ఈ పరీక్ష తగదు. పసుపుకొమ్ములోనే పిండిపదార్థము సహజముగా నున్నది.

ఒకమాఱు మా యెదుటనే యొక సభ్యురాలి పాలు నీలమాయెను. చుట్టునున్నవారు కల్తీ కల్తీయని కేకలు వేసిరి. “బాబూ, మా గేదె పాలేనండి, చుక్క నీరైనా కలపలేదు” అని యామె కంట తడి పెట్టెను. విచారింపగా, ముందురాత్రి గంజి వార్చిన గిన్నెను సరిగా తోమక అందే పాలు తెచ్చినట్లు తేలెను. శుభ్రమైన పాత్రలో మఱల తెచ్చిన పాలు నీలము కాలేదు. నాడు రెండవమాఱు చూడకయుండినచో ఆమె పరువు పోయి యుండెడిది.

అయోడిన్ పిండి యున్నదని మాత్రమే చెప్పును. అది యెట్లు చేరినదో చెప్పదు. కావున ఎవరినైనను నిందించుటకు ముందు శుభ్రమైన పాత్రలో రెండవమాఱు పరీక్షింపవలెను. ప్రక్కనే మంచినీటిని, గంజినీటిని గూడ పరీక్షించి, మందు సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను. రంగు రాకున్నను పాలు స్వచ్ఛమని నిశ్చయింపరాదు. నీటిని, యూరియాను ఈ పరీక్ష పట్టజాలదు.

దొంగను పట్టుట యెంత ముఖ్యమో, నిర్దోషిని కాచుట యంతకంటె ముఖ్యము. సభ్యుల పరస్పర విశ్వాసమే సంఘమునకు మూలధనము.